మేకులు అలాగే ఉండాలి

రెడ్ షాఫ్ట్,
నవంబరు 4, 1957

కాబోయే వియ్యంకులు, అన్నయ్యగారు ఊర్హో కార్వోనెన్ గారికి చెల్లెలు ఫిలోమెనా జియాకెట్టి నమస్కారాలతో రాసేది ఏమంటే–

ఇక్కడ నేనూ, మా అబ్బాయి అట్టీలియో క్షేమం. అక్కడ మీరూ, సైమి వదినా క్షేమమనే అనుకుంటున్నాను. అనుకోవడమే గానీ మీరు ఓ ముక్క రాసిందెప్పుడు గనక!

ఫోను చేద్దామనుకున్నాను. కానీ మా ఊరి ఎక్స్ఛేంజిలో కూర్చుని తీగలు కలిపేది మీ అమ్మాయి లెంపే కదా. మనం ఏం మాట్లాడుకున్నా ముందు దాని చెవిన పడుతుంది. పెళ్లి కాకముందే అత్తగారు వాళ్ల నాన్నని సాధించడం మొదలుపెట్టిందనుకుంటుంది. అందుకని ఉత్తరం.

పిల్లలిద్దరి కోసం మీరు కట్టిన ఇల్లు చూడముచ్చటగా ఉంది. గోడలు బాగున్నాయి, తలుపులు బాగున్నాయి, మెట్లు కిర్రుమనడం లేదు. మా వాళ్ల పద్ధతి ప్రకారం ముందుగా నేనే చీపురు, ఉప్పు, రొట్టె పట్టుకుని లోపల అడుగుపెట్టాను. ఈస్టరు తర్వాత పెళ్లయ్యేదాకా ఇక్కడే ఉండి, చలికాలమంతా పొయ్యి ఆరకుండా చూసి, ఇల్లు వెచ్చగా కొత్త దంపతుల చేతిలో పెడతాను.

ఇంతవరకూ బాగానే ఉంది. నిన్న పెళ్లికి సాసేజీలు ఆరబెడదామని అటక ఎక్కాను. సోంపూ, ఎండుమిర్చీ నూరి, మాంసంలో కలిపి నా చేత్తో కూరిన సాసేజీలు. దండేనికి తగిలించి నిటారుగా నిలబడ్డానో లేదో, నడినెత్తిన చురుక్కుమంది. దీపం ఎత్తి చూద్దును కదా, కప్పు లోపలంతా మేకులే! పైన తారు పెంకులకి కొట్టిన మేకుల మొనలు చెక్క దాటుకుని ఇటు తొంగి చూస్తున్నాయి. ముళ్లపంది వీపుకింద దూరినట్టుంది అన్నయ్యగారూ.

మా పెదనాన్న కొడుకు బర్తొలో కూడా వడ్రంగే. వాణ్ణి పిలిచి చూపించాను. "చెక్క మందమెంతో, మేకు పొడుగెంతో చూసుకోకుండా కొట్టుకుపోయాడు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మీరు అలాంటివారు కాదన్నాను. కానీ మేకులున్న మాట నిజం, నా నెత్తి గీసుకుపోయిన మాట నిజం. ఏం చేద్దామో చెప్పండి.

సైమి వదినకి నా ముద్దులు.

ఇట్లు
మీ చెల్లెలు
ఫిలోమెనా

తా.క. నేను మిమ్మల్ని తిట్టడం లేదు. తిడితే మీకే తెలుస్తుంది.


కివియార్వి,
నవంబరు 8

చెల్లెమ్మకు,

ఉత్తరం అందింది. మేకులు అలాగే ఉండాలి. టోపీ పంపుతున్నాను.

ఊర్హో

తా.క. ఉన్నిది. వేణ్ణీళ్లలో ఉతకవద్దు.


రెడ్ షాఫ్ట్,
నవంబరు 13

అన్నయ్యగారికి ఫిలోమెనా నమస్కారాలు.

పార్శిల్ వచ్చిందంటే సైమి వదిన యాలకుల రొట్టె పంపిందేమోనని ఆశగా విప్పాను. టోపీ! చెవులు కప్పుకునేది. అన్నయ్యగారూ, నేను అంత పెద్ద ఉత్తరం రాస్తే మీ జవాబు ఇదా? కప్పు బాగోలేదంటే తల కప్పుకోమంటారా? రేపు పొయ్యి పొగ వస్తోందంటే ముక్కు మూసుకోమంటారా? "ఫినిష్షాయన నీకు టోపీ పెట్టాడే" అని బర్తొలో ఒకటే నవ్వు. వాడు నవ్వితే ఊళ్లో సగం మందికి వినబడుతుంది.

వినబడింది కూడా. వీధిలో ఆడవాళ్లంతా వరస కట్టి అటక ఎక్కి, చూసి, ముక్కున వేలేసుకుని దిగుతున్నారు. దిగేటప్పుడు నాకేసి జాలిగా చూస్తున్నారు. మొన్న ఆదివారం మా చర్చి ఫాదర్‌గారు కొత్త ఇంటిని ఆశీర్వదించడానికి వచ్చారు. కింద గదులన్నిటా తీర్థం చల్లి, అటక కూడా చల్లేద్దామన్నారు. వద్దన్నాను. వినలేదు. అక్కడ రెండు చేతులూ పైకెత్తి, లేచి నిలబడ్డారు. ఆయనది బట్టతల. అప్పుడాయన నోటివెంట వచ్చిన మాట ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేదు.

ఇక నా వల్ల కాదు. పెంకులన్నీ ఊడదీసి పొట్టి మేకులతో మళ్లీ కొట్టిస్తానని బర్తొలో అంటున్నాడు. మీరు సరేనంటే వాణ్ణి రమ్మంటాను. మీకు చెప్పకుండా చేయిస్తే మర్యాద కాదని అడుగుతున్నాను.

ఇట్లు
ఫిలోమెనా

తా.క. టోపీ మాత్రం వెచ్చగా ఉంది. అది వేరే సంగతి.


కివియార్వి,
నవంబరు 17

చెల్లెమ్మకు,

మేకు చెక్క దాటి మొన కనబడితేనే పట్టు. కనబడకపోతే గాలికి పెంకు లేస్తుంది. బర్తొలో చెయ్యి వేస్తే నేను ఏమీ అనను.

ఊర్హో

తా.క. ఫాదర్‌గారికి కూడా ఒక టోపీ పంపుతున్నాను. నల్లది.


రెడ్ షాఫ్ట్,
నవంబరు 30

మా అన్నయ్య, మా ఇంటి దేవుడు, మేకుల మహారాజు ఊర్హో కార్వోనెన్ గారికి చెల్లెలు ఫిలోమెనా వెయ్యి దణ్ణాలు!

ఏమని రాయను అన్నయ్యా! మీరు ఏమీ అననన్నారు కదా, ఎంత మంచి మనసో అనుకుని బర్తొలోని సోమవారం రమ్మన్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ సరస్సు మీంచి గాలి లేచింది. అట్టాంటిట్టాంటి గాలి కాదు. అది వీచడం కాదు, ఇంటిని పట్టుకుని గుంజడం. మా ఎదురింటివాళ్ల కప్పు పెంకులు పేకముక్కల్లా ఎగిరిపోయాయి. బడి కప్పు పోయింది. బర్తొలో తన ఇంటికి తనే వేసుకున్న కప్పు, పొట్టి మేకుల కప్పు, చెక్కలు మిగిల్చి మొత్తం లేచి చర్చి ఆవరణలో పడింది. వాడూ, పెళ్లామూ, కుక్కా పరుగెత్తుకుంటూ ఎక్కడికొచ్చారనుకున్నారు? మీ కప్పు కిందికే.

నేను సాసేజీల కోసం అటక ఎక్కాను. మీ టోపీ పెట్టుకునే ఎక్కాను. పైన గాలి హోరు, కింద నేను, మధ్యన మీ మేకులు. ఒక్కటంటే ఒక్కటి కదలలేదు అన్నయ్యా. ఊళ్లో కప్పులన్నీ ఎగిరిపోతుంటే అవి మాత్రం అలా నిలబడి ఉన్నాయి. ఏడుపొచ్చేసింది. ఇన్నాళ్లూ వీటినా నేను తిట్టుకున్నది అనిపించింది. దగ్గరున్న మేకుని ముద్దు పెట్టుకున్నాను.

ఆ గాలిలోనూ మా వీధి చివర ఎవడో తిక్కవాడు ట్రక్కు ఆపుకుని కదలకుండా కూర్చున్నాడు. ట్రక్కంతా మంచు కప్పేసింది. పాపం ఎవరో ఏమోనని అట్టీలియో చేత వేడి పులుసు పంపిస్తే, వీడు దగ్గరికెళ్లేసరికి బండి తిప్పుకుని వెళ్లిపోయాడట. లోకంలో రకరకాల మనుషులు.

సరే, ఇక వినండి. మర్నాడు ప్రార్థన అయ్యాక ఫాదర్‌గారిని పక్కకి జరగమని, మీ సంగతి అందరికీ నేనే చెప్పాను. అంతా లేచి చప్పట్లు కొట్టారు. "మేకుల మహారాజు" అని మా చర్చి పత్రికలో మొదటి పేజీలో వేయించాను, ఇందులో పెట్టాను చూడండి. గుమ్మం పక్కన పెద్ద బోర్డు కొట్టించాను: "ఈ కప్పు ఊర్హో కార్వోనెన్ గారి చేతి పని. నమస్కరించి లోపలికి రండి." ఇప్పుడు రోజూ జనం వస్తున్నారు. చలికి మేకుల మొనల మీద మంచు పట్టి దీపం వెలుగులో తళతళలాడుతుంటే రాజభవనంలో ఉన్నట్టుంది. పెళ్లినాడు మీరు చర్చి మెట్లెక్కగానే గని కార్మికుల బ్యాండు వాయించేలా మాట్లాడాను.

ఇట్లు
మీ పాదధూళి
ఫిలోమెనా

తా.క. మేకుని ముద్దు పెట్టుకోకూడదు. పెదవి చీరుకుంది.


కివియార్వి,
డిసెంబరు 9

శ్రీమతి ఫిలోమెనా జియాకెట్టి గారికి,

ఉత్తరం అందింది. పత్రిక కూడా అందింది. మా ఊరివాళ్లకీ అందింది.

నేను మీకు ఏం అపకారం చేశాను? మేకులు బాగోలేవన్నారు. అది మామూలు మాట. ఎవరైనా అంటారు. నేను టోపీ పంపాను. దానికి ఇంత కక్ష కట్టి నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలా? మా సహకార సంఘం కొట్టుకి పాలడబ్బాలు తీసుకెళితే అందరూ లేచి నిలబడ్డారు. "మేకుల మహారాజు వేంచేశారు" అన్నారు. ఆవిరిస్నానానికి వెళితే అక్కడా అదే. బట్టల్లేకుండా ఉన్న మనుషులు కూడా లేచి నిలబడ్డారు.

పెళ్లికి సైమి వస్తుంది. నేను రాను.

ఊర్హో కార్వోనెన్

తా.క. బోర్డు తీసేయండి. తీసిన చోట మేకు కన్నాలు మూసేయండి, తడి దిగుతుంది. మొనల మీద మంచు పేరుకుంటోందంటే మీరు అటక తలుపు తెరిచి వంట చేస్తున్నారు, ఆవిరి పైకి పోతోంది. మూసి చెయ్యండి.


రెడ్ షాఫ్ట్,
జనవరి 7, 1958

అన్నయ్యగారికి,

పండగ పూటా నాకు ముద్ద దిగలేదు. ఇదెక్కడి చోద్యం అన్నయ్యగారూ! తిడితే టోపీ పంపారు, పొగిడితే పెళ్లికి రానంటున్నారు. ఎలా మాట్లాడమంటారు నన్ను?

మా ఇళ్లలో ఒక మనిషి మంచి పని చేస్తే గట్టిగా చెబుతాం. చాలలేదనిపిస్తే కిటికీ తెరిచి చెబుతాం. చెప్పకపోతే ఆ మనిషికి కోపమొస్తుంది. నా మీద ఒట్టు, అందులో వెటకారం లేదు. ప్రతి మాటా మనసులోంచి వచ్చిందే.

బోర్డు తీసేశాను. కన్నాలు మూశాను. అటక తలుపు మూసి వండుతున్నాను, మంచూ పోయింది. ఎంత దూరాన్నుంచి ఎంత కరెక్టుగా చెప్పారండీ! (ఇది పొగడ్త కాదు. మరిచిపోండి.)

ఇవన్నీ పోనివ్వండి. ఒక్కటి ఆలోచించండి. ఆడపిల్ల పెళ్లినాడు తండ్రి చెయ్యి పట్టుకుని నడిచి రావాలి. మీరు రారన్న సంగతి సైమి వదిన నోట విన్నప్పట్నుంచీ లెంపి మనసు మనసులో లేదు. ఎక్స్ఛేంజిలో తీగలన్నీ తప్పు కలుపుతోంది. డాక్టరుగారికి రావలసిన కాల్ మాంసం కొట్టుకి పోయింది. "కాలు తీసెయ్యాలా అండీ?" అని అడిగితే, "తీసి తూకం వేయించి ఉంచాను" అన్నాట్ట కొట్టువాడు. ఎందుకని మాత్రం ఎవరికీ చెప్పదు. అచ్చం మీ పోలికే.

అటక మీద ఆరిన సాసేజీల్లో మొదటిది మీకే పంపుతున్నాను. మీ కప్పు కిందే పదునెక్కింది. తిని ఎలా ఉందో రాయండి. కోపం తగ్గించుకోండి.

ఇట్లు
ఫిలోమెనా

తా.క. బ్యాండు వద్దని చెప్పేశాను. వాళ్లు ఏడ్చారు.


కివియార్వి,
జనవరి 14

ఫిలోమెనా గారికి,

సాసేజీ అందింది. తిన్నాం. పర్వాలేదు.

ఊర్హో కార్వోనెన్

తా.క. పెళ్లి సంగతి అదే మాట.


రెడ్ షాఫ్ట్,
ఫిబ్రవరి 10

కార్వోనెన్ గారికి,

పర్వాలేదా? పర్వాలేదా!! ఏమండీ, నా సాసేజీ "పర్వాలేదా"?

ఆ మాట చదివి మూడు వారాలు మంచమెక్కాను. స్వర్గాన ఉన్న మా ఆయన నన్ను చూడ్డానికి వచ్చిననాడు ఈ సాసేజీ ముక్క నోట్లో పెట్టుకుని, నా మొహం చూడకుండానే మా నాన్నతో ముహూర్తం మాట్లాడాడు. ఈ ఊళ్లో కొట్టుకుని విడిపోయిన అన్నదమ్ములు దీని కోసం ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. అలాంటి దానికి మీరిచ్చింది ఒక్క మాట! కుక్కకి పెట్టినా తోక ఊపుతుంది, మీరు అది కూడా చెయ్యలేదు.

మేకుల విషయంలో నేను క్షమాపణ అడిగాను. మీరు నా వంట మీద కక్ష తీర్చుకున్నారు. సరే. మీరు పెళ్లికి రాకపోతే నేనూ రాను. అమ్మాయిని ఫాదర్‌గారు నడిపించుకొస్తారు, మీరు పంపిన నల్ల టోపీ పెట్టుకుని. అందరూ చూసి నవ్వుకుంటారు. మనిద్దరికీ బాగుంటుంది.

ఫిలోమెనా జియాకెట్టి

తా.క. ఇది అంటించేలోగా లెంపి వచ్చింది. నా చేతిలోంచి ఉత్తరం లాక్కుంది. పెట్టెలో దాచిన మీ ఉత్తరాలు కూడా తీసి మొదట్నుంచీ అన్నీ చదివింది. ఇప్పుడు నేల మీద కూర్చుని నవ్వుతోంది. మధ్యమధ్య ఏడుస్తోంది. నాకేదో చెప్పాలిట. ఆ తర్వాత మీ దగ్గరికి బస్సెక్కి వస్తుందిట, మీకూ ఏదో చెప్పాలిట.


రెడ్ షాఫ్ట్,
ఫిబ్రవరి 18

అన్నయ్యకు,

కప్పు పర్వాలేదు.

ఫిలోమెనా

తా.క. ఏమీ లేదు.


కివియార్వి,
ఫిబ్రవరి 18

ఎంతో ప్రియమైన, మిక్కిలి గౌరవనీయురాలైన, గొప్ప చెల్లెమ్మ ఫిలోమెనాకు,

ఈ మొదటి వాక్యం రాయడానికి పొద్దుటి పాలు పితికిన దగ్గర్నుంచి కూర్చున్నాను. సైమి ఎదురుగా కూర్చుని చూస్తోంది. ఆమె నవ్వడం నాకు ఇష్టం లేదు. అయినా రాస్తాను.

లెంపి వచ్చి చెప్పింది. మీ ఇళ్లలో బాగుంటే బాగుందని పైకి చెప్పాలిట. గట్టిగా చెప్పాలిట. ఒకసారి చాలదుట. కాబట్టి చెబుతున్నాను. మీ సాసేజీ అద్భుతం. అద్భుతం. అద్భుతం. మొదటి ముక్క తిన్నాక నేను లేచి బయటికి వెళ్లి కట్టెలు కొట్టాను. కట్టెలు అక్కర్లేదు, ఇంట్లో చాలా ఉన్నాయి. కాసేపు ఒక్కణ్ణే ఉండాలనిపించింది. తర్వాత వచ్చి మిగతాది తిన్నాను. సైమికి ఒక ముక్క మిగిలింది. "పర్వాలేదు" అని మీకు రాసేటప్పుడు ఇంత పెద్ద మాట రాశానేమిటని సిగ్గేసింది కూడా. మా నాన్న ఆ మాట మా అమ్మతో ఒకే ఒకసారి అన్నాడు. ఆమె చివరిదాకా తలచుకుంది.

"ఏమీ అనను" అన్నది కూడా లెంపి విడమరిచి చెప్పమంది. మా ఊళ్లో ఆ మాటకి, ఇక ఈ జన్మలో మీ గుమ్మం తొక్కను అని అర్థం. మీరు దాన్ని మంచి మనసు అనుకున్నారు. మీరు అలా అనుకోవడం వల్లే మనం ఇంకా ఉత్తరాలు రాసుకుంటున్నాం. మంచిదే అయింది.

ఇంకొకటి ఉంది. అది లెంపికి కూడా తెలియదు.

నేను ఇన్నేళ్లుగా కప్పులు వేస్తున్నాను. ఎవరూ బాగుందనలేదు, బాగోలేదనలేదు. మా వాళ్లు అనరు. బాగున్నా ఊరుకుంటారు, బాగోకపోయినా ఊరుకుంటారు. నాతో నా పని గురించి నోరు విప్పి మాట్లాడిన మొదటి మనిషి మీరు. మేకులు తప్పన్నారు. తప్పు కాదని నాకు తెలుసు. కానీ రాత్రి పడుకుంటే, ఒకవేళ తప్పేమో అనిపించేది. నా కూతురు నిద్రపోయే కప్పు అది.

ఆ ఆదివారం గాలి లేవబోతోందని తెలిసి ట్రక్కు తీశాను. మీ వీధి చివర ఆపుకుని కూర్చున్నాను. గాలి ఆగేదాకా మీ కప్పు వైపే చూస్తూ ఉన్నాను. ఒక్క పెంకు లేచినా నిచ్చెన వేసుకుని ఎక్కుదామని సుత్తి ఒళ్లో పెట్టుకున్నాను. లేవలేదు. అప్పుడు అట్టీలియో గిన్నె పట్టుకుని రావడం చూశాను. కళ్లు తడిగా ఉన్నాయి, మనిషికి మొహం చూపించలేక వెళ్లిపోయాను. ఆ తిక్కవాణ్ణి నేనే.

పులుసు వాసన మాత్రం వచ్చింది. అది కూడా అద్భుతం.

ఇంత పొడుగు ఉత్తరం నేను ఎప్పుడూ రాయలేదు. చెయ్యి నొప్పి పుడుతోంది. పెళ్లి సంగతి కింద రాస్తాను, ముందు కాఫీ తాగాలి.

మీ అన్నయ్య
ఊర్హో

తా.క. ఫిబ్రవరి 21. మంచుకి రోడ్డు మూసుకుపోయి టపా బండి ఇవాళే వచ్చింది. మీ ఉత్తరం తెచ్చింది. "కప్పు పర్వాలేదు." చదివాను. సైమికి చదివి వినిపించాను. కొట్టంలోకి వెళ్లి ఆవులకి కూడా వినిపించాను. చెల్లెమ్మా, నా బతుకులో నన్ను ఎవరూ ఇంత పొగడలేదు. ఈ పొగడ్తకి మాత్రం నాకు కోపం రాలేదు.

ఇంకో తా.క. ఆ కాగితాన్ని నా మంచం పక్కన గోడకి పెట్టి మేకు కొట్టాను. ఊడకూడదని కాస్త పొడుగుది కొట్టాను. అది గోడ దాటి వంటింట్లోకి వచ్చింది. నెత్తి గీసుకుపోయిందని సైమి నన్ను తిడుతోంది. టోపీ ఇద్దామంటే అది మీ దగ్గరే ఉంది కదా. పెళ్లికి వచ్చినప్పుడు తీసుకుంటాను.